రిస్క్ ఫ్యాక్టర్లు బట్టీ వచ్చాయి, పేషెంట్ ముందు నోరు పెగలట్లేదు: ఒక సీనియర్ సిస్టర్ సమాధానం

ప్రశ్న: "మేడమ్, చిత్తూరు దగ్గర బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు చదువుతున్నాను. ఫండమెంటల్స్‌లో మంచి మార్కులే వచ్చాయి. కానీ మెడికల్ వార్డు పోస్టింగ్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ 'ఈ పేషెంట్‌కి రిస్క్ ఫ్యాక్టర్లు ఏంటమ్మా' అని అడిగితే వయసు, వంశం, పొగ, మద్యం, ఊబకాయం అని వరసగా అప్పజెప్పాను. 'నేను పేషెంట్ గురించి అడిగాను, పుస్తకం గురించి కాదు' అన్నారు. అందరి ముందూ తల తీసేసినట్టయింది. ఇంకొకటి, నర్స్ ప్రాక్టీషనర్ అనే కోర్సు గురించి విన్నాను. మన దగ్గర నిజంగా ఉందా? దానికి విలువ ఉందా? మా నాన్న టిఫిన్ హోటల్ నడుపుతారు. 'ఎంత చదివినా నర్సు నర్సే గదమ్మా' అంటున్నారు."

తల్లీ, ఆ మాటకి నొచ్చుకోకు. నేను చదువుకునేటప్పుడు నన్నూ ఇదే అన్నారు, ఇంకొంచెం గట్టిగా. ఇరవై నాలుగేళ్లుగా తిరుపతిలోనే పనిచేస్తున్నాను. మెడికల్ వార్డు, క్యాజువాలిటీ, ఐసీయూ అన్నీ అయ్యాక ఇప్పుడు నీలాంటి పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. నువ్వు అడిగినవి రెండు ప్రశ్నల్లా కనిపిస్తున్నాయి గానీ నాకు ఒకటే. జబ్బు రాకముందే దాన్ని పసిగట్టడం మొదటిది. పసిగట్టాక నర్సు సొంతంగా ఎంతవరకు చెయ్యొచ్చు, దానికి ఎవరు జవాబుదారీ అన్నది రెండోది. మొదటిది చేతకానివాళ్లకి రెండోది ఎంత పెద్ద సర్టిఫికెట్ ఇచ్చినా ఉపయోగం లేదు.

ఈ రిస్క్ ఫ్యాక్టర్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకుంటే నీ చిక్కు సగం విడిపోతుంది. 1948లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో 30 నుంచి 62 ఏళ్ల మధ్య ఉన్న 5,209 మంది ఆడవాళ్లనీ మగవాళ్లనీ తీసుకుని, ఏళ్ల తరబడి పరీక్షిస్తూ పోయారు. ఎవరికి గుండె జబ్బు వస్తుంది, వచ్చినవాళ్లలో రాకముందు నుంచీ ఏమేం ఉన్నాయి అని రాసుకుంటూ వచ్చారు. 1961లో విలియం కానెల్, ఆయన తోటివాళ్లు రాసిన వ్యాసంతో ఈ మాట వైద్యంలో స్థిరపడింది. అంతకుముందు వయసు మీద పడితే బీపీ పెరగడం మామూలే అనుకున్న డాక్టర్లు కూడా చాలామందే. ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది ఒక్కటే. ఆ ప్రశ్నలు అడిగిన రోజున ఆ మనుషులు బాగానే ఉన్నారు. రిస్క్ ఫ్యాక్టర్ అంటే జబ్బు లక్షణం కాదు, జబ్బుకి కారణమని కూడా ప్రతిసారీ చెప్పలేం. అది ఉన్నవాళ్లలో జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, అంతవరకే.

వార్డులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, "మా తాత రోజుకి కట్ట బీడీలు తాగి తొంభై ఏళ్లు బతికినాడు సిస్టరమ్మా" అని. దానికి వాదన పెట్టుకోకు. "మీ తాతతో పాటు బీడీలు తాగిన ఆయన స్నేహితులు ఎంతమంది ఉండారన్నా ఇప్పుడు?" అని అడుగు చాలు. ఆయనే లెక్కపెట్టుకుంటాడు.

ఇప్పుడు నీ లిస్ట్ సంగతి. నువ్వు చెప్పిన వాటిలో తప్పు లేదు. కానీ అవి జవాబుల పేర్లు. వాటిని రాబట్టే ప్రశ్నలు నీ దగ్గర లేవు. ఒక ఉదాహరణ చెబుతాను. మా పిల్లల్లో ఒకమ్మాయి అరవై దాటిన అవ్వ దగ్గర హిస్టరీ రాసుకొచ్చింది. అలవాట్ల దగ్గర "ఏమీ లేవు" అని ఉంది. నేను మంచం దగ్గరికి వెళ్లేసరికి అవ్వ కుడి బుగ్గ ఉబ్బి ఉంది, పెదవుల చివర ఎరుపు. "ఏమడిగావమ్మా?" అంటే, "పొగ తాగుతారా, మందు తాగుతారా అని అడిగాను మేడమ్, లేదంది" అంది. అవ్వ అబద్ధం చెప్పలేదు మరి. ఆమె పొగ తాగదు. నేను పక్కన కూర్చుని, "అవ్వా, ఆకూ వక్కా రోజుకి ఎన్నిసార్లు?" అన్నాను. "అన్నం తిన్నాక ఒకటి, టీ తాగినాక ఒకటి, ఊరికే ఉంటే ఒకటి, రాత్రి పడుకునేటప్పుడు ఇంకోటి" అంది. "అందులోకి పొగాకు?" "రవ్వంతే నాయనా." "రాత్రిది ఊసేసి పడుకుంటావా?" అవ్వ నవ్వింది. బుగ్గలోనే పెట్టుకుని నిద్రపోతుందట, నలభై ఏళ్లుగా.

నోరు తెరిపించి టార్చ్ వేసి చూస్తే బుగ్గ లోపల తెల్లటి మచ్చ. గీరితే పోయేది కాదు. పొగాకు సరే, వక్క ఒక్కటే నమిలినా నోటి క్యాన్సర్‌కి దారితీస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. అవ్వ ఆసుపత్రికి వచ్చింది కాళ్ల వాపులకి. ఆ ఒక్క ప్రశ్న సరిగ్గా అడగకపోతే ఆ మచ్చ కేస్ షీట్‌లో ఎక్కడా ఉండేది కాదు.

మన ప్రాంతంలో అడగాల్సిన తీరు ఇంకా చాలా ఉంది. "ఉప్పు తగ్గించారా?" అంటే అందరూ తగ్గించామనే అంటారు. నిజమే, కూరలో తగ్గించి ఉంటారు. సంగటిలోకి ఊరుబిండి, పెరుగన్నంలోకి ఊరగాయ, పక్కన అప్పడం మాత్రం అట్లే ఉంటాయి. వాళ్ల లెక్కలో అది ఉప్పు కాదు. రోజుకి 5 గ్రాములు మించకూడదన్నది నీకు తెలుసు. ఆ మాట వాళ్లకి చెప్పి లాభం లేదు. "నిన్న పొద్దున్నుంచీ ఏం తిన్నారో వరసగా చెప్పండి" అని అడుగు. "మందులేమైనా వాడుతున్నారా?" అంటే బీపీ మాత్ర పేరు చెబుతారు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు చెప్పరు. అవి డాక్టరు రాసినవి కావు గదా, వాళ్ల దృష్టిలో మందుల కిందికి రావు. బీపీ, షుగర్ ఉన్న మనిషి ఆ నొప్పి మాత్రలు నెలల తరబడి మింగితే బీపీ అదుపులోకి రాదు, కిడ్నీలు దెబ్బతింటాయి. "నొప్పులకి ఏం మింగుతారు? ఆ అట్ట ఉందా?" అని విడిగా అడగాలి. "వ్యాయామం చేస్తారా?" అని అడగకు. "పొద్దున లేచినప్పటి నుంచి ఎక్కడ కూర్చుంటారు, ఎంతసేపు?" అని అడుగు.

మార్చగలిగినవి, మార్చలేనివి అని పుస్తకం రెండు భాగాలు చేస్తుంది. వయసు, ఆడా మగా, పుట్టుక మార్చలేనివి. అందుకని పిల్లలు వాటిని వదిలేసి పొగ, తిండి దగ్గరే ఆగుతారు. మార్చలేనప్పుడు అడగడం ఎందుకు అని ఒకబ్బాయి నన్నే అడిగాడు, మంచి ప్రశ్న. అవి మనకి ఎప్పుడు, ఎంత తొందరగా వెతకాలో చెబుతాయి. "మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా?" అన్నది సగం ప్రశ్నే. ఏ వయసులో వచ్చింది అన్నది మిగతా సగం. నాన్నకో అన్నకో 55 లోపు, అమ్మకో అక్కకో 65 లోపు వచ్చి ఉంటే దాని బరువు వేరు. ఎనభై ఏళ్లకి వచ్చిన గుండెపోటుకి అంత బరువు లేదు.

క్యాజువాలిటీలో ఉన్నప్పటి ఒక సంగతి చెబుతాను, ఇదంతా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. అలిపిరి మెట్ల దారిలో 3,550 మెట్లు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు నడవొద్దని టీటీడీ చెబుతూనే ఉంటుంది, మొక్కు ఉన్నవాళ్లు నడుస్తూనే ఉంటారు. ఒకరోజు పొద్దున, యాభై అయిదేళ్లామెను కోడలు పట్టుకుని తీసుకొచ్చింది. సగం దారిలోనే వెనక్కి దిగివచ్చారు. "ఏం లేదమ్మా, ఊరికే అలుపు. పొద్దున తినలేదు గదా, గ్యాస్ అనుకుంటా" అంటోంది ఆమె. డ్యూటీలో ఉన్న కొత్త సిస్టర్ "ఛాతీ నొప్పి లేదు" అని రాసి బెంచీ మీద కూర్చోబెట్టింది. వాళ్ల ముందు ఇంకా ఆరేడుగురు ఉన్నారు.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. నడిచి వచ్చినవాళ్లకి చెమట ఉంటుంది, కానీ ఒళ్లు వెచ్చగా ఉంటుంది. "నొప్పి ఇంకెక్కడైనా ఉందామ్మా?" అంటే "రెట్ట (భుజం కింది చెయ్యి) లాగతా ఉండాది, దవడ పట్టేసినట్టు ఉండాది. మూట మోసినా గదా" అంది. "షుగర్ ఉందా?" "ఉండాది, పన్నెండేళ్లు." "ముట్లు ఆగిపోయి ఎన్నేళ్లయింది?" ఏడేళ్లట. ఇక నేను వరస చూడలేదు. ఇలాంటి మనిషి వచ్చిన పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి డాక్టరు కంట పడాలి. తీశాం. గుండెపోటే.

పుస్తకంలో గుండెపోటు అంటే మగాయన ఎద పట్టుకుని కూలబడిన బొమ్మ ఉంటుంది. ఆడవాళ్లలో, చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లలో, ముసలివాళ్లలో అట్లా రాకపోవచ్చు. షుగర్‌తో నరాలు మొద్దుబారితే గుండె నొప్పి పైకి తెలియదు. అలుపు, ఆయాసం, వాంతి, దవడ లాగడం, ఇంతే కనబడొచ్చు. లక్షణం మసగ్గా ఉన్నప్పుడు రిస్క్ ఫ్యాక్టర్లే మనకి దారి చూపిస్తాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు అవే మాటలు చెబితే నేను అంత కంగారుపడేదాన్ని కాదు. (ఈసీజీ మాత్రం తీయించేదాన్నే.) మీ ఇన్‌స్ట్రక్టర్ "పేషెంట్ గురించి అడిగాను" అన్నది ఇదే. "యాభై అయిదేళ్ల ఆడమనిషి, పన్నెండేళ్ల షుగర్, ముట్లు నిలిచి ఏడేళ్లు, ఖాళీ కడుపుతో మెట్లెక్కింది" అని చెప్పి ఉంటే ఆమె నిన్ను ఏమీ అనేది కాదు.

పేషెంట్‌కి నర్సు ఏమేం చెయ్యాలో రాసుకునే కేర్ ప్లాన్ గురించి ఒక్క మాట, మార్కులు ఇక్కడే పోతాయి కాబట్టి. "రిస్క్ ఫర్ ఇన్‌ఫెక్షన్" అని రాసి, ఆధారాలుగా జ్వరం, చీము అని రాస్తారు చాలామంది. జ్వరం, చీము ఉంటే అది రిస్క్ కాదు, ఇన్‌ఫెక్షన్ వచ్చేసింది. రిస్క్ డయాగ్నోసిస్‌కి లక్షణాలు ఉండవు, రిస్క్ ఫ్యాక్టర్లే ఉంటాయి. సెలైన్ కోసం నరంలో పెట్టిన మూడు రోజుల నాటి కాన్యులా, మూత్రం గొట్టం, అదుపులో లేని షుగర్, ఇట్లా రాయాలి. రాసినదాని పక్కనే నువ్వు చేసే పని ఉండాలి. గొట్టం ఇంకా అవసరమా అని ఈరోజు రౌండ్స్‌లో అడగడం కూడా నర్సింగ్ పనే.

రిస్క్‌ని అంకెల్లో కొలిచే స్కోర్ల గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పక తప్పదు. ఎక్కడన్నది వదిలెయ్. ఉద్యోగంలో నాలుగో ఏడు, నైట్ డ్యూటీ, ముప్పై రెండు మంది పేషెంట్లకి ఇద్దరం. పక్షవాతం వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కదలకుండా మంచంలోనే ఉన్నవాళ్లకి ఒంటి మీద పుండ్లు పడే ప్రమాదం ఎంతో చూసే బ్రేడన్ స్కేల్ నీకు తెలుసు. స్పర్శ, తడి, కదలిక, మంచం మీద మళ్లడం, తిండి, రాపిడి, ఈ ఆరింటికీ మార్కులు. మొత్తం 6 నుంచి 23. ఇందులో మార్కులు తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ, 18కి దిగితే జాగ్రత్తపడాలి. ముందురోజు షీట్‌లో 15 ఉంది. నేనూ 15 అని వేసేశాను. ఆయన మంచం దగ్గరికి వెళ్లకుండానే, నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని.

ఆ ఒక్కరోజులో ఏం మారిందో తర్వాత లెక్కేసుకున్నాను. మధ్యాహ్నం నుంచి విరేచనాలు మొదలయ్యాయి, తడి 4 నుంచి 2కి పడింది. మత్తుగా ఉన్నాడు, స్పర్శ 3 నుంచి 2. రెండు పూటలా గంజి సగమే తాగాడు, తిండి 3 నుంచి 2. మొత్తం 11. పదిహేనుకీ పదకొండుకీ మధ్య చాలా దూరం ఉంది. 15 అంటే కొద్ది ప్రమాదం, 11 అంటే ఎక్కువ ప్రమాదం. పొద్దున అయిదింటికి బ్యాక్ కేర్ కోసం పక్కకి తిప్పితే నడుము కింద ఎముక దగ్గర అరచేయంత ఎరుపు. వేలితో నొక్కి వదిలాను. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. అది తెల్లబడలేదు. చర్మం చిట్లకపోయినా అది మొదటి దశ పుండు. మడమ చూస్తే అక్కడా అదే.

ఆయన భార్య నన్ను ఏమీ అనలేదు. "రాత్రంతా కష్టపడినావు, పడుకో పో నాయనా" అంది. అది ఇంకా గుచ్చుకుంది. ఆ పుండు మానడానికి పట్టిన రోజులన్నీ, రెండు గంటలకోసారి ఆయన్ని తిప్పినప్పుడల్లా, ఆ 15 గుర్తొచ్చేది. ఇద్దరమే ఉన్నాం, నిజమే. అందరినీ తిప్పడం సాధ్యం కాదు, అదీ నిజమే. కానీ స్కేల్ ఉన్నది అందుకే గదా. ముప్పై రెండు మందిలో ముందు ఎవర్ని తిప్పాలో చెప్పడానికి. నేను దాని నోరు నొక్కేశాను. ఇప్పటికీ మా పిల్లల ఫైళ్లలో మూడు రోజులు వరసగా ఒకే స్కోర్ కనబడితే పెన్ను కింద పెట్టి, నాతో మంచం దగ్గరికి రమ్మంటాను.

బీపీ కూడా అంతే, అంకె వెనక మనిషి ఉంటాడు. మెట్లెక్కి వచ్చినాయన్ని అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా, టీ తాగిన వెంటనే, చెయ్యి కిందికి వేలాడుతుండగా, ఆయన మాట్లాడుతుండగా చూస్తే అంకె ఎక్కువే వస్తుంది. లావు చేతికి చిన్న కఫ్ కట్టినా అంతే. దాన్ని పట్టుకుని ఆయనకి జీవితాంతం మాత్ర రాస్తే ఆ తప్పులో మనకీ వాటా ఉంది. ఇంతకంటే దీని గురించి చెప్పను, నీ పుస్తకంలో బాగానే రాశారు.

వార్డు బయట రిస్క్ ఎలా చూడాలో కూడా నేర్చుకో. ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ అని మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2005లో ఇచ్చారు. నాలుగే ప్రశ్నలు, సూది అక్కర్లేదు, టేప్ ఉంటే చాలు. మా తమ్ముడి మీదే చేసి చూపిస్తా. తిరుపతిలో ఒక లాడ్జిలో క్యాష్ కౌంటర్‌లో కూర్చుంటాడు. వయసు 42, అంటే 10 (35 లోపు సున్నా, 50 దాటితే 20). నడుము 96 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 నుంచి 99 వరకు 10, వంద నుంచి 20. ఆడవాళ్లకి ఈ గీతలు పది పది తక్కువ. రోజంతా కుర్చీలోనే, నడక లేదు, 30. అమ్మకి షుగర్ ఉంది, 10. ఇద్దరికీ ఉంటే 20 అయ్యేది. మొత్తం 60. అరవై నుంచి ఎక్కువ రిస్క్ కిందే లెక్క. "నాకేమైందక్కా, ఎద్దులా ఉన్నా" అన్నాడు. పొద్దున్నే పరగడుపున రక్తం తీయిస్తే 118. 126 అయితే షుగర్ కిందికి వచ్చేది. ఇంకా గట్టుమీదే ఉన్నాడన్నమాట. వయసు, అమ్మ వల్ల వచ్చిన 20 మన చేతిలో లేవు. కానీ నడుము 90 లోపుకి తెచ్చుకుంటే అక్కడ పది పోతాయి. కాస్త వ్యాయామంతో 30ని 20కి దించినా మొత్తం 40కి వస్తుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాకే వాడు సాయంత్రం నడక మొదలుపెట్టాడు. మామిడిపళ్ల కాలంలో మళ్లీ జారాడనుకో, అది వేరే కథ.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. నర్స్ ప్రాక్టీషనర్ అన్నది 1965లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. డాక్టర్లు అందని చోట పిల్లల్ని పరీక్షించి, మామూలు జబ్బులు చూసి, అవసరమైనవాళ్లని పైకి పంపే నర్సుల్ని తయారుచెయ్యాలని. ఇలా పైచదువు చదివి, మామూలు నర్సు హద్దు దాటి సొంత బాధ్యత మీద చేసే పనిని అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ అంటారు. ఇప్పుడు అక్కడ అది నాలుగు రకాలు. నర్స్ ప్రాక్టీషనర్, క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్, మత్తు ఇచ్చే నర్స్ అనస్తటిస్ట్, కాన్పులు చూసే నర్స్ మిడ్‌వైఫ్. బ్రిటన్‌లో శిక్షణ పొందిన నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ సొంతంగా రాయగలుగుతున్నారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. అనుభవం ఎక్కువ ఉంటే అడ్వాన్స్‌డ్ అనుకుంటారు. నాకు ఇరవై నాలుగేళ్లు. పేషెంట్ శ్వాస నిమిషానికి 18 నుంచి 26కి ఎక్కితే ఏదో తేడాగా ఉందని పట్టేస్తాను, డాక్టరుకి ఫోన్ చేసి పరిస్థితి, వెనకటి చరిత్ర, నా అంచనా, ఏం కావాలో నాలుగు ముక్కల్లో చెబుతాను. అంతవరకే నా హద్దు. ఐసీయూ నర్స్ ప్రాక్టీషనర్ అయితే గుండె, ఊపిరితిత్తులు విని, రక్త పరీక్ష పంపి, వెంటిలేటర్ సెట్టింగ్ ప్రోటోకాల్ ప్రకారం మార్చి, ఎందుకు మార్చిందో రాసి సంతకం పెడుతుంది. ఆ సంతకం ఆమెది. తేడా అనుభవంలో లేదు, అక్కడ ఉంది. వూండ్ కేర్, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, డయాబెటిస్ ఎడ్యుకేటర్, ఇవన్నీ మంచి ప్రత్యేక పనులే. కానీ ఖచ్చితంగా చెప్పాలంటే వాటంతటవే అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ కావు. 

మన దేశంలో ఏముంది? క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సుని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2016-17 ప్రాంతంలో తెచ్చింది. బీఎస్సీ తర్వాత రెండేళ్లు, ఎమ్మెస్సీ స్థాయి, ఆసుపత్రిలో పనిచేస్తూనే నేర్చుకునే రెసిడెన్సీ పద్ధతి. క్లాసుల కంటే ఐసీయూలో గడిపేదే చాలా ఎక్కువ. రెండోది మిడ్‌వైఫరీలో నర్స్ ప్రాక్టీషనర్, పద్దెనిమిది నెలలు. కేంద్రం దీనికి 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవి కాక ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమాలు ఉన్నాయి, క్రిటికల్ కేర్, క్యాన్సర్, పసిపిల్లల నర్సింగ్ వగైరా. మామూలు ఎమ్మెస్సీ నర్సింగ్ నిన్ను ఎక్కువగా టీచింగ్ వైపు తీసుకెళ్తుంది. చెడ్డదని కాదు, నేనూ ఆ దారిలోనే వచ్చాను. పేషెంట్‌ని వదిలి ఉండలేనివాళ్లు మాత్రం బాగా ఆలోచించుకుని దిగాలి.

ఇంకొకటి, దీన్ని మీ బ్యాచ్ పిల్లలు తక్కువగా చూస్తుంటారు గానీ నా దృష్టిలో చిన్నది కాదు. 2018 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఊళ్లలోని సబ్ సెంటర్లలో నర్సింగ్ చదివినవాళ్లని కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా పెట్టారు. మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటే అందరికీ తెలుస్తుంది. మూడు నుంచి అయిదు వేల జనాభా. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లు పరీక్షించాలి. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి నింపే ఫారం ఉంటుంది, అందులో స్కోర్ నాలుగు దాటినవాళ్లని ముందు చూడాలి. ఏముంటాయో ఆ ఫారంలో? వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, ఇంట్లో వాళ్ల జబ్బులు. నువ్వు వార్డులో అప్పజెప్పిన లిస్టే తల్లీ. వార్డులో అది నీకు మార్కు, అక్కడ అదే నీ రోజు పని. ఆకు వక్క నమిలే అవ్వ కాళ్లు వాచి పట్నం దాకా రాకముందే ఆ తెల్ల మచ్చ కంటపడాల్సింది అక్కడే.

ఆశలు పెంచి వదిలేయడం నాకిష్టం లేదు, ఉన్నది చెబుతాను. మన దేశంలో నర్సుకి సొంతంగా మందు రాసే హక్కు లేదు. నర్స్ ప్రాక్టీషనర్ అయినా ఎప్పుడు ఏం చెయ్యొచ్చో ఆసుపత్రి ముందే రాసి పెట్టుకున్న స్టాండింగ్ ఆర్డర్లు, ప్రోటోకాల్స్ లోపలే పనిచెయ్యాలి. కోర్సు వచ్చినంత వేగంగా పోస్టులు రాలేదు. రెండేళ్లు కష్టపడి చదివి మళ్లీ స్టాఫ్ నర్సు హోదాలోనే, అదే జీతానికి పనిచేస్తున్నవాళ్లు నాకు తెలుసు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది, దాంతో ఏం మారుతుందో మీ తరం చూడాలి. ఇక్కడ చదివిన ప్రాక్టీషనర్ కోర్సుతో అమెరికాలో నేరుగా ప్రాక్టీషనర్ అయిపోవచ్చని ఏ కన్సల్టెన్సీ అయినా చెబితే నమ్మకు. అక్కడ ముందు ఎన్‌క్లెక్స్ అనే నర్సింగ్ లైసెన్స్ పరీక్ష రాసి మామూలు నర్సుగా చేరాలి, ఆ తర్వాత వాళ్ల దగ్గరే చదవాలి. 

కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం బిల్డింగ్ చూడకు, ఐసీయూ చూడు. ఎన్ని పడకలు, ప్రాక్టీషనర్ విద్యార్థిని పక్కన నిలబెట్టి నేర్పే డాక్టర్లు ఉన్నారా, అంతకుముందు చదివినవాళ్లు ఇప్పుడు అదే ఆసుపత్రిలో ఏ హోదాలో ఉన్నారు, ఇవి అడుగు. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరం, గంట ప్రయాణం. అక్కడి సీఎంసీలో 1946లోనే బీఎస్సీ నర్సింగ్ పెట్టారు, దేశంలో మొట్టమొదటి వాటిలో అదొకటి. తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులు ఉన్నాయి. రోగులకి లోటు లేని చోట పుట్టావు, చదువుకునేవాళ్లకి అదో అదృష్టం. క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్‌కి బీఎస్సీ అయ్యాక కనీసం ఏడాది పని అనుభవం అడుగుతారు. కాబట్టి చివరి ఏడాదిలో తేలిక పోస్టింగ్ కోసం చూసుకోకుండా ఐసీయూ అడిగి వేయించుకో.

మీ నాన్నగారి మాట. ఆయన్ని తప్పుపట్టను, ఆయన చూసిన నర్సు సూది వేసి, డ్రిప్ మార్చి వెళ్లిపోయిన నర్సే అయ్యుంటుంది. నోటితో వాదించకు. ఈ ఆదివారం ఇంటికెళ్లినప్పుడు టేప్ తీసుకెళ్లు. చొక్కా పైకెత్తమని, కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ నడిమధ్య టేప్ పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడు. పొట్ట లోపలికి లాక్కుంటారు, మగవాళ్లందరూ లాక్కుంటారు, ఒక నిమిషం కబుర్లు చెప్పి మళ్లీ చూడు. వయసు వేసుకో, మీ అవ్వ తాతలకి షుగర్ ఉండేదేమో అడుగు. పెనం ముందు నిలబడటాన్ని ఆయన కష్టమైన పని అంటారు, కష్టమే, కానీ రోజులో ఎంతసేపు నిలబడతారు, ఎంతసేపు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు అన్నది విడదీసి రాసుకో. మా తమ్ముడికి వేసినట్టే లెక్కేసి, అరవై వస్తే మర్నాడే పరగడుపున రక్తం ఇప్పించు. ఒక్కటి మర్చిపోకు, టిఫిన్ హోటల్ కదా, తెల్లవారుజామున నాలుగింటికి చట్నీలో ఉప్పు చూడ్డం, మొదటి వాయి ఇడ్లీ తుంచి నోట్లో వేసుకోవడం ఆయనకి తిన్నట్టు లెక్క కాదు. "ఏమీ తినలేదమ్మా" అనే అంటారు. అది కూడా వద్దని ముందురోజు రాత్రే చెప్పు.